తలకిందుల బొమ్మ

మా ఆయన ఏ సెట్టునీ ముందు నుంచి చూసేవారు కాదు. ఎవరైనా టీవీ గానీ మోనిటర్ గానీ తెచ్చి బల్ల మీద పెడితే, దాన్ని మెల్లగా తిప్పి మొహం గోడవైపు పెట్టి, వీపు మీద చెయ్యి వేసేవారు. "మొహం పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళకి. వైద్యుడికి వీపు చూపించాలి" అనేవారు. ఆ వేళ్ళకి ఎప్పుడూ టంకం వాసన. అన్నం కలిపి పెట్టినా, పసిపిల్లని ఎత్తుకున్నా అదే వాసన. పోయిన ఆషాఢంలో ఆయన వెళ్ళిపోయారు. చొక్కాలన్నీ ఉతికి ఎవరెవరికో ఇచ్చేశాను. ఒక్కదాన్ని మాత్రం ఉతకలేదు.

పేరు త్రినాధరావు. అనకాపల్లిలో బెల్లం మార్కెట్‌కి వెళ్ళే దారిలో టీవీలు బాగుచేసే చిన్న షాపు ఉండేది. ఆ వీధిలో బతికినవాళ్ళకి తెలుసు, బెల్లం దిగే రోజుల్లో గాలి కూడా తియ్యగా ఉంటుంది. ఆ తీపికి చీమలు వస్తాయి. చీమలు బెల్లం దిమ్మలతో ఊరుకోవు, వెచ్చగా ఉన్న ప్రతి పెట్టెలోకీ దూరతాయి. మా ఆయన విప్పిన సెట్లలో సగం చీమల పుట్టలే. అందుకని ఇక్కడి వర్తకుల ఇళ్ళల్లో టీవీ కాళ్ళ కింద కూడా, కూరల బీరువాకి పెట్టినట్టు, నీళ్ళు పోసిన గిన్నెలు పెట్టేవాళ్ళు. గాలి పోయే కంతలకి లోపలి నుంచి పాత చీర ముక్క అతికించేవాళ్ళు.

నాకు పెళ్ళయిన కొత్తలో ఊళ్ళోకి ఇంటి కంప్యూటర్లు వచ్చాయి. కీబోర్డే కంప్యూటర్. దానికి వేరే మోనిటర్. కొందరు షావుకార్లు పిల్లల కోసం కొన్నారు, ఒకటి రెండు ఇన్‌స్టిట్యూట్‌లు తెరిచారు. కొన్ని మోనిటర్లలో అక్షరాలు పచ్చగా వచ్చేవి, కొన్నిట్లో ముదురు పాకం రంగులో. అవి చూసి మా అత్తగారు "బెల్లం టీవీ" అనేది. ఆ కంప్యూటర్లు తొందరగానే మూలపడ్డాయి. మోనిటర్లు మిగిలాయి. పారెయ్యడానికి మనసొప్పక, ఊరికో మెకానిక్ తన తెలివి కొద్దీ వాటిని కోసి, అతికించి, టీవీలుగా మార్చేవాడు. పక్కన కంత చేసి చానళ్ళు తిప్పే మర ఒకటి, అడుగున ఒక స్పీకరు, ఎక్కడిదో ఒక బొత్తాం. కంపెనీవాడు చూస్తే గుర్తుపట్టలేడు.

గోడకి తగిలించే టీవీలు వచ్చాక షాపుకి పని లేదు. షాపు మూసి సామానంతా ఇంటికి తెచ్చుకున్నారు. అప్పుడు పట్టుకుంది ఆయనకి ఈ పిచ్చి. గవరపాలెంలో అయ్యప్ప అని పాత ఇనుము కొనేవాడు ఉన్నాడు. చుట్టరికం ఏమీ లేదు గానీ మా ఆయన్ని 'బావా' అంటాడు, నన్ను 'అక్కా' అంటాడు. పల్లెల నుంచి మోనిటర్లు వస్తే ముందు మా ఇంటికి కబురు చేసేవాడు. మా ఆయనకి మామూలువి అక్కర్లేదు. ఎవరో చెయ్యి చేసుకున్నవి కావాలి. అది ఏం మార్పు, ఎందుకు చేశారు, చేసిన చెయ్యి ఎలాంటిది అని గంటల తరబడి చూసేవారు. ఫోనులో ఒక గుంపు ఉండేది, పాత కంప్యూటర్లు దాచుకునేవాళ్ళది. ఎక్కడెక్కడివాళ్ళో ఫోటోలు పెట్టి ఈ కంత ఏమిటి, ఈ తీగ ఏమిటి అని అడుగుతుండేవారు. ఒకసారి హైదరాబాద్ ఆయన ఒక మోనిటర్ అడుగు భాగం ఫోటో పెట్టాడు. నాలుగు మూలలా తుప్పు గుండ్రంగా పట్టి ఉంది. అయస్కాంతం అని ఒకరు, స్ప్రింగులని ఒకరు. మా ఆయన చూసి నవ్వుకుని, "ఇది మా ఊరి ఆడపడుచు. కాళ్ళకి నీళ్ళ గిన్నెలు పెట్టి పెంచేరు. విప్పి చూడండి, చీర ముక్క ఉంటుంది" అని రాశారు. చీర ముక్క ఉంది. జరీ అంచుతో సహా.

ఆయనకి ఒక పట్టుదల ఉండేది. ఎవరైనా చేసిన మార్పు ఎందుకు చేశారో తెలిసేదాకా దాన్ని విప్పేవారు కాదు. తప్పులా కనిపించినా సరే. "ముడి వేసినవాడు ఏదో కట్టడానికే వేసేడు కదా పద్మా. అదేటో తెలీకుండా విప్పేస్తే జారిపోయేది మనకి కనపడదు" అనేవారు.

బుల్లమ్మ వచ్చింది ఆ పట్టుదల దగ్గరికే.

మాఘమాసంలో ఒకరోజు పొద్దున్న ఆటో ఆగింది. దేవరాపల్లి దగ్గర పల్లె ఆవిడది. నడుం సగానికి వంగిపోయింది గానీ మాట వంగలేదు. దుప్పట్లో మూటకట్టిన పెట్టెని ఆటోవాడి చేత మోయించుకొచ్చి మా వరండాలో దింపించింది. అయ్యప్ప మనిషి పాత సామాను కోసం వాళ్ళ ఊరు వెళ్తే, ఈ పెట్టె అమ్మనని చెప్పి, దీని సంగతి తెలిసినవాడు ఎవరైనా ఉన్నాడా అని అడిగిందట. 

"సెట్టు కడుపులో ఏటుందో సెప్పేది నువ్వేనా బాబూ?" అంది.

"కూర్చోండమ్మా, చూద్దాం. పలకట్లేదా?"

"పలక్కపోతే పీడాపోయె. బాగుసెయ్యమని తేలేదు. మా గుంటడు దీన్ని ఏటి సేసేడో, ఎందుకు సేసేడో, అది సెప్పు. అంతే."

"మీ అబ్బాయిని అడక్కపోయేరా?"

"అడగడానికి ఆడుంటే ఇంత దూరం నీకాడికెందుకొత్తాను?"

మా ఆయన తల దించుకున్నారు. నేను టీ తెచ్చాను. టీ చల్లారేదాకా ఆవిడ చెప్పింది.

ముప్పై ఏళ్ళ పైమాట. ఆవిడ భర్త ఎర్రునాయుడు. చెరుకు లోడెత్తిన బండి మీంచి తలకిందులుగా పడ్డాడు. వెన్ను విరిగింది. వెల్లకిలా పడుకోవడమే, మెడ కూడా లేపలేడు. ఒక్కడే కొడుకు, అబ్బులు. రేడియో మెకానిజం నేర్చుకుని అనకాపల్లిలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనికి కుదిరాడు. బండి లోడెత్తే రోజున వాడు ఇంట్లో లేడు. "నువ్వు పక్కనుంటే నేను పడుదునా" అని తండ్రి సాధిస్తూనే ఉండేవాడు. ఇన్‌స్టిట్యూట్ మూసేసినప్పుడు దాని యజమాని అబ్బులికి ఈ మోనిటర్ ఇచ్చేశాడు. వాడు దాన్ని ఇంటికి తెచ్చి, చాలా రోజులు విప్పుతూ, కలుపుతూ కూర్చున్నాడు. ఎందుకురా అంటే అయ్యకి టీవీ అన్నాడు. ఒక సాయంత్రం తండ్రి మంచానికి కాళ్ళ దగ్గర స్టూలు వేసి, దాని మీద పెట్టి ఆన్ చేశాడు.

"ఊరంతా గుమ్మంలోనే ఉన్నారు బాబూ. బొమ్మ వచ్చింది. వచ్చింది గానీ మనుసులందరూ తలకిందులు. తల కిందికి, కాళ్ళు పైకి. ఒకటే నవ్వులు. మా ఇంటాయనకి మెడ లెగదు కదా, ఆయనకేటి అగుపడతాది? ఏటి నవ్వుతన్నారు, ఏటి నవ్వుతన్నారు అనీసి అరుత్తన్నాడు. ఎవుడో ఎదవ సెప్పేడు, నువ్వు బండి మీంచి పడ్డట్టే పడుతున్నారు బాబూ అందరూ, అని."

ఆవిడ కొంగుతో నోరు తుడుచుకుంది.

"అంతే. నన్ను ఎక్కిరించడానికే సేసేడు అన్నాడు. కన్నకొడుకు నా పడిపోడాన్ని బొమ్మ సేసి ఊరికి సూపించేడు అన్నాడు. మా గుంటడికి మాట తక్కువ. 'రేపటిదాకా ఆగయ్యా, రేపు నీకే తెలుత్తాది' అన్నాడు. పొద్దున్నే అనకాపల్లి ఎళ్ళేడు. సాయంత్రం బస్సు దిగి, రోడ్డు మీద టీ బడ్డీకాడ ఎట్టిన సైకిలు తీసుకుని వత్తంటే, సెరుకు లారీ..."

మా ఆయన గ్లాసు కింద పెట్టేశారు.

"ఆయన నాలుగేళ్ళు బతికేడు మంచంలో. పోయినప్పుడు కూడా అదే మాట. ఎక్కిరించేడే బుల్లీ, ఎక్కిరించేడు. నాకు దాన్ని పారెయ్యడానికి సెయ్యి రాలేదు, ఎవుడికీ సూపించడానికి మొకం సెల్లలేదు. ఇప్పుడు నాకూ రోజులు దగ్గరికొచ్చేయి. నా గుంటడు అలాటోడా, కాడా? అది సెప్పు బాబూ. అవునన్నా పరవాలేదు."

అవునన్నా పరవాలేదు అన్నప్పుడు ఆవిడ మొహం చూసినవాళ్ళెవరూ ఆ మాట నమ్మరు.

ఆవిడ వెళ్ళాక మా ఆయన సెట్టుని గోడవైపు తిప్పి విప్పారు. లోపల ఎండిపోయిన భాగాలు మార్చారు తప్ప అబ్బులు చేసినది ఏదీ ముట్టుకోలేదు. నన్ను పిలిచి టార్చి పట్టుకోమన్నారు. చానళ్ళ మర వేరే టీవీది, శుభ్రంగా బిగించి ఉంది. స్పీకరుకి కోసిన కంత అంచులు గరుకు కాగితంతో రుద్ది ఉన్నాయి, చెయ్యి గీసుకోకుండా. వెనక నుంచి ఒక పొడుగు వైరు. దాని చివర మంచం దగ్గర వేలాడదీసుకునే బెడ్ స్విచ్.

"ఇది వాళ్ళ అయ్య చేతికి అందాలని పెట్టేడు" అన్నారు.

పిక్చర్ ట్యూబు మెడ దగ్గర కాయిల్‌కి వెళ్ళే తీగలు రెండు అటూ ఇటూ మార్చి కలిపి ఉన్నాయి. బొమ్మ తలకిందులవడానికి అదే కారణం. ఆ అతుకుల మీద రబ్బరు గొట్టం తొడిగి, మైనం పూసిన దారంతో వరసగా ముడులు వేసి ఉన్నాయి.

మర్నాడు అయ్యప్ప వచ్చాడు. సెట్‌టాప్ బాక్స్ తగిలించి ఆన్ చేశారు. వార్తలు చదివే అమ్మాయి గబ్బిలంలా వేలాడుతూ ప్రత్యక్షమైంది.

"ఎలక్షన్ రిజల్టులు ఇందులో సూడాలి బావా. గెలిచినోడూ ఓడినోడూ ఒకేలాగ ఉంటారు" అన్నాడు అయ్యప్ప. 

"నోర్ముయ్. పట్టు, సెట్టుని బోర్లిద్దాం."

ఇద్దరూ కలిసి సెట్టుని తలకిందులుగా పెట్టారు. అమ్మాయి నిలబడింది. కానీ కింద పరుగెత్తే అక్షరాలు అద్దంలో అక్షరాల్లా ఎడమా కుడీ తారుమారై వచ్చాయి. ఎలా పెట్టినా ఏదో ఒకటి తప్పే.

"ఇందులో పెద్ద రహస్యం ఏటుంది బావా! గుంటడు తీగలు తప్పు కలిపేడు. రెండు నిమిషాలు పట్టదు, తిప్పి కలిపేసి ముసలమ్మకి ఇచ్చెయ్."

"తప్పు కలిపినవాడు దారం కట్టడురా. బొమ్మ చూసుకున్నాక కూడా ముడులు వేసేడు. ఇది కావాలని చేసిందే."

కావాలని చేసిందే అన్న మాట నోట్లోంచి వచ్చాక ఆయన లేచి సెట్టు ఆపేశారు. కావాలని చేశాడంటే ఎర్రునాయుడు అన్నది నిజమవుతుంది.

ఆ నెలంతా అదే ధ్యాస. ఫోను గుంపులో ఫోటోలు పెట్టారు. తలో మాటా చెప్పారు, ఏదీ కుదరలేదు. అన్నం ముందు కూర్చుని కంచం అంచు మీద వేలితో గీతలు గీసేవారు. నేను ఉండబట్టలేక, "తెలీక చేశాడు, చిన్నపిల్లాడి పొరపాటు అని చెప్పెయ్యండి. ఆ తల్లికి మనశ్శాంతి" అన్నాను. 

"ఆవిడ నిజం అడిగింది పద్మా. మనశ్శాంతి కావాలంటే ఇంట్లోనే ఉండి అనుకునేది, తెలీక చేసేడని. ముప్పై ఏళ్ళు అనుకోలేకపోయింది కదా."

ఫాల్గుణంలో ఆయనకి నడుం నొప్పి మొదలైంది. బరువులు ఎత్తారు కదా అనుకున్నాం. తైలాలు రాశాను. ఉగాది నాటికి కాళ్ళు తిమ్మిరెక్కి చెప్పులు జారిపోతుంటే తెలిసేది కాదు. విశాఖపట్నంలో చూసిన డాక్టర్లు వెన్నులో గడ్డ అన్నారు, అది అక్కడ పుట్టింది కాదు, వేరే చోట నుంచి వచ్చింది అన్నారు. ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు. మెడకి పట్టీ, నడుముకి పట్టీ, కదలకూడదు. ముందు గదిలో మంచం వేశాం. జీవితమంతా వంగి పని చేసిన మనిషి, పైకప్పు చూస్తూ పడుకున్నారు. 

"ఆ మూల బూజు ఎప్పట్నుంచి ఉందే?" అని మొదటిరోజే అడిగారు.

"మీకు ఇప్పుడు కనిపించిందా!"

"ఇక మీద నాకు కనిపించేది అదొక్కటే. ఉంచు, దులపకు" అన్నారు. నవ్వు కోసమే అన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

బుల్లమ్మ రెండుసార్లు ఫోను చేయించింది, పక్కింటివాళ్ళ చేత. ఆయనకి ఒంట్లో బాగాలేదని చెప్పాను. సెట్టు మాట ఆవిడ ఎత్తలేదు. ఆయన మాత్రం ఫోను పెట్టెయ్యగానే "ఏమంది? జవాబు అడిగిందా?" అనేవారు. తనకి మిగిలిన రోజులు ఎన్నో డాక్టర్లు ఆయనకి చెప్పలేదు గానీ తెలుసు. ఆ జవాబు చెప్పకుండా పోతానేమో అన్నదే భయం. 

వైశాఖంలో ఒక ఆదివారం పొద్దున్న గెడ్డం గీస్తున్నాను. అలవాటు లేని చెయ్యి, దవడ దగ్గర తెగింది. 

"ఏదీ, నన్ను ఏం చేశావో చూడనీ. అద్దం పట్టు" అన్నారు.

చేతి అద్దం తెచ్చి ఆయన మొహం మీద పట్టుకున్నాను. సబ్బు చేతులు, జారి పక్కకి వాలింది. సరిచెయ్యబోతుంటే, "ఆగు" అన్నారు.

"మొహం కనబడుతోందా?"

"మొహం కాదు. కదపకు."

"చెయ్యి లాగుతోందండీ."

"కదపకు అన్నానా!"

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నా మీద గొంతు పెంచింది అదొక్కసారే అనుకుంటాను. బిగుసుకుపోయి పట్టుకున్నాను. అద్దం కాళ్ళవైపు వాలి ఉంది. కాళ్ళవైపు గోడకి ఉపమాక వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ ఉంది.

"స్వామి పాదాలు పైకి ఉన్నాయి" అన్నారు మెల్లగా. "కిరీటం కిందకి ఉంది. పద్మా, కింద ఏం రాసుందో చదువు."

"ఉపమాక అని ఉంది."

"ఉ ఎడమ పక్కనే ఉంది. క కుడి పక్కనే ఉంది. తలకిందులు మాత్రమే. నీళ్ళల్లో నీడలాగ." 

నాకేమీ అర్థం కాలేదు. సబ్బు నురుగు ఆయన చెంప మీద ఆరిపోతోంది. ఆయన కళ్ళల్లోంచి నీళ్ళు వచ్చాయి. పడుకున్న మనిషి కన్నీళ్ళు చెంపల మీదికి రావు, చెవుల్లోకి పోతాయి. తుడుద్దామంటే రెండు చేతులా అద్దం.

"ఈ అద్దంలో సరిగ్గా కనపడాలంటే ఎదురుగా ఉన్నది తలకిందులుగా ఉండాలి. వాళ్ళ అయ్యకి మెడ లేవదు. పైకప్పు తప్ప ఏమీ కనపడదు. మంచం పైన అద్దం కడదామనుకున్నాడు పద్మా ఆ కుర్రాడు. బొమ్మ ముందే తిప్పి పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ నేను నిలబడి చూసేను దాన్ని."

ఆ మధ్యాహ్నమే అయ్యప్పకి కబురు పంపారు. పాత డ్రెస్సింగ్ టేబుల్ అద్దం ఒకటి తెచ్చి, ఫ్యాను కొక్కేనికి తాళ్ళతో వాలుగా కట్టాడు. సెట్టుని మంచం కాళ్ళ దగ్గర బల్ల మీద పెట్టాడు. మా ఆయన చెప్పినట్టల్లా అద్దాన్ని కొంచెం కొంచెం వాలుస్తూ, "నేను మంచమెక్కినా ఇంత సేవ ఎవడూ సెయ్యడు బావా" అని గొణుక్కుంటూ, మధ్యమధ్య మొహం అటు తిప్పుకుని భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు.

మూడోనాడు మా కబురు అందుకుని బుల్లమ్మ వచ్చింది, తాటిముంజలు కొంగున కట్టుకుని. మంచంలో ఉన్న మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. మెడపట్టీ చూసింది, పైన అద్దం చూసింది, కాళ్ళ దగ్గర సెట్టు చూసింది. 

"ఓలమ్మా" అంది.

"ఇలా రా అమ్మా. ఆ స్విచ్ నువ్వే వెయ్యి" అన్నారు మా ఆయన. 

బెడ్ స్విచ్ ఆయన చేతి పక్కనే ఉంది. ఆవిడ వంగి తీసుకుని, రెండు చేతులతోనూ పట్టుకుని నొక్కింది. సెట్టులో అమ్మాయి తలకిందులుగా వెలిగింది. ఆ వెలుగు అద్దంలోంచి దిగి ఆయన మొహం మీద పడింది.

"ఏటగుపడతంది బాబూ నీకు?"

"ఒకమ్మాయి వార్తలు చదువుతోంది."

"తిన్నగా ఉందా?"

"తిన్నగా ఉందమ్మా. తల పైకే ఉంది, బొట్టు కూడా కనిపిస్తోంది."

"అచ్చరాలో?"

"అక్షరాలూ తిన్నగానే ఉన్నాయి. ఇదిగో, ఉత్తరాంధ్రలో రేపు వానలు పడతాయట."

నిలబడ్డవాళ్ళం మాకు అద్దంలో గది మూల తప్ప ఏమీ కనపడలేదు. ఆయన మాట నమ్మాల్సిందే. బుల్లమ్మ అద్దం కేసి చూడడం మానేసి ఆయన మొహం కేసి చూస్తూ ఉండిపోయింది. కళ్ళు అక్షరాల వెంట కదలడం, ఏదో హాస్యానికి పెదవి వంకర పోవడం. ముప్పై ఏళ్ళ కిందట తన ఇంట్లో మంచం మీద చూడాల్సిన మొహాన్ని ఆవిడ చూసుకుంటోందని నాకు అనిపించింది.

"నీ కొడుకు వెక్కిరించలేదమ్మా. వాళ్ళ అయ్య కోసం మొత్తం బొమ్మనే తిప్పేడు. అద్దం ఒక్కటే తక్కువైంది" అన్నారు.

ఆవిడ మంచం పక్కన నేల మీద కూర్చుంది. మంచం కోడు పట్టుకుని అంది.

"అద్దం తెచ్చేడు బాబూ."

అందరం ఆవిడ వైపు చూశాం.

"ఆ వేళ సైకిలు కేరేజీకి గోనె కట్టుంది. ఇప్పితే పగిలిపోయిన అద్దం. పెద్దది. పెళ్ళీడు గుంటడు, సోకు కోసం కొనుక్కున్నాడనుకున్నాం. అయ్య మంచంలో ఉంటే ఈడికి అద్దం కావలిసొచ్చిందా అన్నాడు మా ఇంటాయన, శవం ముందే. ఆ పెంకులు నేనే ఎత్తి పెంటలో పోసేను. ఒక పెంకులో నా మొకం అగుపడింది కూడాను. ఆ మాట నీకు సెప్పలేదు. సచ్చిపోయిన గుంటణ్ణి సోకులాడనుకుంటావనీసి దాసేను."

ఆ మాట మాఘంలో చెప్పి ఉంటే మా ఆయనకి ఆ రోజే తెలిసిపోయేది. అయినా ఆయన చెయ్యి మంచం మీంచి కిందకి జార్చారు. ఆవిడ ఆ వేళ్ళు పట్టుకుంది.

"నాకు తెలిసింది బాబూ. ఆయనకెవరు సెప్తారు?" అంది. మళ్ళీ తనే, ఏమంటోందో తెలియకుండా, "నువ్వు సెప్పు బాబూ" అంది. అనేశాక నాలుక కరుచుకుని, నా కేసి చూసి, "ఓలమ్మా, నా నోరు పడిపోను" అని నెత్తి కొట్టుకుంది.

నా ఒళ్ళు భగ్గుమంది. లేచి ఏదో అనబోయాను. మంచం మీంచి నవ్వు వినిపించింది. పట్టీలు కదిలితే నొప్పి, అయినా నవ్వుతున్నారు.

"చెప్తానమ్మా. ముందు వెళ్ళేది నేనే కదా. ఎర్రునాయుడు గారని అడుగుతాను. గుర్తులు చెప్పు." 

"పొడుగ్గా ఉంటాడు. కోపంగా ఉంటాడు" అంది బుల్లమ్మ, ఏడుస్తూ.

సెట్టు తీసుకెళ్ళమంటే తీసుకెళ్ళలేదు. "సూసేవోడు నువ్వున్నావు కదా, ఉండనీ" అంది. ఆయన ఆఖరి రోజులు ఆ అద్దంలోనే గడిచాయి. మందు మత్తులో లేనప్పుడు స్విచ్ ఆయన గుప్పిట్లోనే ఉండేది. ఒకసారి సెట్టు ఆపేసి ఉన్నా అద్దంలోకి చూసి నవ్వుతున్నారు. ఏముంది అక్కడ అన్నాను. "నువ్వు తలకిందులుగా తిరుగుతూ ఇల్లు తుడుస్తున్నావు. చీపురు చాలా బాగా పట్టుకున్నావు" అన్నారు.

ఆయన వెళ్ళిపోయాక సెట్టుకి గుడ్డ కప్పాను. భాద్రపదం వచ్చాక అయ్యప్ప వ్యానులో దాన్నీ అద్దాన్నీ వేసుకుని బుల్లమ్మ ఊరు వెళ్ళాం. పెంకుటిల్లు. ముందు గదిలో ఎర్రునాయుడు మంచం ఇంకా ఉంది, నవారు మాత్రం కొత్తది. ఆవిడ దాని మీద పడుకోదట, కింద చాప మీద పడుకుంటుంది.

అద్దం కట్టడానికి చోటు చూస్తూ అయ్యప్ప తల పైకెత్తి, "అక్కా, ఇలా రా" అన్నాడు. మంచం తలవైపు దూలానికి రెండు ఇనప కొక్కేలు దిగ్గొట్టి ఉన్నాయి. తుప్పు పట్టి దూలం రంగులో కలిసిపోయాయి. 

"ఈ కొక్కేలు ఎవరు కొట్టేరమ్మా?"

బుల్లమ్మ కంటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "నాకు తెల్దు బాబూ. నా నడుం వంగిపోయినకాడ్నుంచి నేను పైకి సూసిందెప్పుడు?"

తాళ్ళు ఆ కొక్కేలకే వేశాడు. అద్దం వాలు కుదిరిపోయింది. మా ఇంట్లో కుదరడానికి అంతసేపు పట్టింది, అక్కడ అయ్యప్ప చెయ్యి వదిలేసరికే కుదిరింది. సెట్టుని కాళ్ళ దగ్గర పెట్టి, వైరు మంచం పక్కకి లాగాడు. బుల్లమ్మ స్విచ్ నొక్కింది. నొక్కి, దాన్ని మెల్లగా తలగడ పక్కన పెట్టి, వచ్చి గుమ్మంలో మాకు ఎదురుగా కూర్చుని అనపకాయలు ఒలుచుకోవడం మొదలుపెట్టింది.

"పడుకుని చూడవా?" అన్నాను.

"నాకెందుకమ్మా. నాకోసం సేసింది కాదు కదా."

లోపల ఎవరో పంటల ధరలు చెబుతున్నారు. కాసేపు వింది. చేతిలో కాయ ఆగింది.

"మీ ఆయన సెప్పే ఉంటాడు కదమ్మా?" అంది, తల ఎత్తకుండా.

"చెప్పే ఉంటారు" అన్నాను. "మాట ఇచ్చారంటే చేసే మనిషే."

"మా ఆయన ఓ పట్టాన నమ్మడు."

"మా ఆయన వదిలిపెట్టరు."

ఆవిడ మళ్ళీ కాయలు ఒలుచుకుంది. నేను వెనక్కి తిరిగి గదిలోకి చూశాను. తెర మీద మనిషి తలకిందులుగా మాట్లాడుతున్నాడు. మంచం మీద, తల ఉండే చోట, కొత్త నవారు మీద వెలుగు పడి కదులుతోంది.